బల్ల దగ్గర ఒకే గిన్నె, గట్టు మీద వేరే గ్లాసు

మా వంటింటి బాల్కనీ గట్టు మీద పదమూడేళ్ల పాటు ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. అంచు దగ్గర చిన్న సొట్ట. పక్కన నా పేరు, మావారి పేరు కొట్టించి ఉంటాయి. మా పెళ్లికి పిన్ని పెట్టిన అరడజను గ్లాసుల్లో అదొకటి. మిగతా ఐదూ లోపల స్టాండులో, ఇది మాత్రం బయట. మా ఇంట్లో పనిచేసే ఆవిడకి టీ పోసే గ్లాసు అది. ఆవిడే తాగి, ఆవిడే కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి వెళ్లేది. అలా చెయ్యమని నేను ఏనాడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ఆ పదమూడేళ్లూ నేను మా చర్చి సంఘంలో స్త్రీల కూటం నడిపించాను. శుక్రవారం ఉపవాసం తప్పేదాన్ని కాదు. జీతం రాగానే దశమభాగం, అంటే సంఘానికిచ్చే పదోవంతు, కవరులో పెట్టాకే మిగతా ఖర్చు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి మోకాళ్ల మీద ఉండేదాన్ని. ఇవేవీ నటించలేదు. ఆ ప్రార్థనలు నిజమైనవేనని ఇప్పటికీ నమ్ముతాను. అందుకే ఈ సంగతి రాయడం కష్టంగా ఉంది. నిజంగా ప్రార్థన చేసుకునే మనిషి ఇంట్లో ఆ గ్లాసు అన్నేళ్లు అక్కడ ఎలా ఉండిపోయింది? చాలా కాలంగా నన్ను వదలని ప్రశ్న ఇది.

వేషధారణ అనగానే మనకి వేదిక మీద ఒకటి చెప్పి చాటున ఇంకొకటి చేసేవాళ్లు గుర్తొస్తారు. కానుకల డబ్బు మింగిన పెద్దమనిషి, పరిశుద్ధత మీద మూడు రోజులు సభలు పెట్టి ఆ తర్వాత పేపరుకెక్కిన ప్రసంగీకుడు. అలాంటివాళ్ల గురించి మాట్లాడుకోవడం మనకి ఇష్టం కూడా. కూటం అయిపోయి చెప్పులు వేసుకుంటూ గేటు దగ్గర అరగంట నిలబడి మాట్లాడుకుంటాం. "పేరుకే విశ్వాసులు, నామకార్థ క్రైస్తవులు" అంటాం. ఆ మాట అన్న ప్రతిసారీ మనం ఆ గుంపులో లేమని మనకి మనమే చెప్పుకుంటాం.

సువార్తల్లో యేసు "వేషధారులారా" అని పిలిచినవాళ్లలో చాలామంది పరువుగల మనుషులు. గ్రీకులో ఆ మాటకి మొదట ఉన్న అర్థం నాటకంలో వేషం కట్టేవాడు అని. మనకైతే ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు, "వేషాలెయ్యకు" అనే కసురు వింటూనే పెరిగాం. కానీ పగటివేషం కట్టినాయన పొద్దుగూకాక రంగు కడిగేసుకుని మామూలు మనిషిగా ఇంటికెళ్తాడు. తన ముఖమేదో, రంగేదో అతనికి తెలుసు. లూకా 18వ అధ్యాయంలో దేవాలయానికెళ్లిన పరిసయ్యుడికి, అంటే ధర్మశాస్త్రాన్ని పట్టుదలగా పాటించే యూదుడికి, ఆ తేడా తెలియదు. అతను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు చూడండి. వారానికి రెండుసార్లు ఉపవాసం నిజం. సంపాదనంతటిలో పదియవవంతు నిజం. దొంగ కాడు, వ్యభిచారి కాడు, అదీ నిజమే. అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికెళ్లింది అతను కాదు. తెలుగు బైబిల్లో అక్కడ ఒక చిన్న మాట ఉంది: "తనలోతాను ప్రార్థించుచుండెను" అని. దేవా అని మొదలుపెట్టాడే గాని ఆ ప్రార్థన పైకి వెళ్లలేదు, తన చుట్టూ తానే తిరిగింది. ఇంకో సంగతి. ఆ ప్రార్థనకి పక్కన సుంకరి, అంటే జనం పాపి అని చూసే పన్నులు వసూలు చేసేవాడు, నిలబడి ఉండాలి. అతన్ని అక్కడి నుంచి తీసేస్తే పరిసయ్యుడికి చెప్పడానికి సగం మాటలు మిగలవు.

నా ప్రార్థనకి, దేవుడు చేసిన మేలు సంఘం ముందు చెప్పుకునే నా సాక్ష్యానికి అలా ఆసరాగా నిలబడిన మనిషి ఎవరో నాకు తెలియడానికి ఒక తుఫాను, ఆ తర్వాత ఐదేళ్లు పట్టింది.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ వచ్చిన రోజు విశాఖలో ఉన్నవాళ్లెవరికీ ఆ చప్పుడు మరపుకి రాదు. మేము సీతమ్మధారలో రెండో అంతస్తులో ఉంటాం. పొద్దున్నుంచీ హాల్లో మంచం అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం గాలి కాసేపు ఆగినట్టే ఆగి మళ్లీ అటువైపు నుంచి కొట్టింది. సాయంత్రం బయటికొచ్చి చూస్తే వీధిలో ఒక్క చెట్టు నిలబడి లేదు. కొండలన్నీ కాలిపోయినట్టు గోధుమరంగులోకి తిరిగాయి. కరెంటు లేదు, నీళ్లు లేవు, పాలప్యాకెట్ కోసం కొట్లాటలు. మా ఫ్లాట్‌లో మాత్రం ఒక్క కిటికీ అద్దం పగల్లేదు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఇల్లు తాటిచెట్లపాలెం వైపు, కొండవాలులో. పైన రేకులు. ఆ రేకులు ఎటు పోయాయో కూడా ఎవరికీ తెలియలేదు. ఆరు రోజులు పనిలోకి రాలేదు.

తర్వాతి ఆదివారం జనరేటర్ పెట్టి ఆరాధన జరిపాం. సాక్ష్యాల సమయంలో నేను లేచాను. "మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లన్నిట్లో అద్దాలు పగిలాయి, మా ఇంట్లో ఒక్కటి కూడా పగల్లేదు. ప్రార్థించే ఇంటి చుట్టూ దేవుడు కంచె వేస్తాడు" అని చెప్పాను. స్తోత్రం, స్తోత్రం అన్నారు అందరూ. స్త్రీల వైపు చాప మీద మూడో వరసలో ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడని ఆ సంఘానికి తీసుకొచ్చింది నేనే. ఆ మాట కూడా అంతకుముందు నా సాక్ష్యాల్లో చాలాసార్లు చెప్పుకున్నాను, ప్రభువు నా ద్వారా రక్షించిన ఆత్మ అని.

సోమవారం పనిలోకి వచ్చింది. అంట్లు తోముతూ, తల ఎత్తకుండా ఒకే మాట అంది. "నేను కూడా ప్రార్థన చేసినానమ్మగారూ. ఆ రోజంతా."

నేనేమన్నానో కూడా రాస్తాను, దాచడానికి వీల్లేదు. "విశ్వాసంతో చెయ్యాలి" అన్నాను.

దేవుని కృప గురించి ఇరవయ్యేళ్లుగా బోధిస్తున్న మనిషి నోట్లోంచి ఆ జవాబు ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. లూకా 13లో యేసు సరిగ్గా ఈ మాటే అడిగాడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది, యెరూషలేములో ఉన్న మిగతా అందరికంటే అపరాధులని అనుకుంటున్నారా అని. ఆ వాక్యం మీద నేను కూటంలో పాఠం చెప్పాను కూడా. చెప్పిన పాఠం నా ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదు. మా ఇల్లు కాంక్రీటు. ఆవిడది రేకులు. గాలి ఆ తేడా చూసింది. నేను దానికి విశ్వాసమని పేరు పెట్టి, ఇల్లు పోగొట్టుకున్న మనిషి ముందు నిలబడి దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించాను.

కాపాడినందుకు దేవుణ్ణి స్తుతించకూడదా అని మా సంఘంలో ఒక తమ్ముడు అడిగాడు. స్తుతించాలి. కానీ నా స్తుతి వినడానికి పక్కవాడి ఇల్లు కూలి ఉండాల్సిన పనేముంది? సాక్ష్యం చెప్పే ముందు ఇప్పుడు నేను ఒకటే చూసుకుంటాను: ఇందులో నాకంటే తక్కువగా ఎవరైనా నిలబడి ఉన్నారా, వాళ్లు ఈ గదిలో ఉన్నారా అని. ఈ ఒక్క ప్రశ్నతో నా సాక్ష్యాలు చాలా కుదించుకుపోయాయి.

అప్పటికి మాత్రం నాకేమీ తట్టలేదు. ఐదేళ్లు గడిచాయి.

2019లో, ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమదినాల కూటాల్లో, ప్రభువు బల్ల గురించి పాఠం నా వంతుకొచ్చింది. యేసు చివరి భోజనాన్ని గుర్తు చేసుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడమే బల్ల. బల్ల ఇచ్చే ప్రతి ఆదివారం మనం చదివే భాగం అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం, 23వ వచనం నుంచి. "నేను మీకు అప్పగించిన దానిని ప్రభువువలన పొందితిని" అనే చోటు నుంచి. ఆ రాత్రి నేను కాస్త పైనుంచి, 17వ వచనం నుంచి చదువుకుంటూ వచ్చాను. ముప్పై ఏళ్లుగా బల్ల పుచ్చుకుంటున్నాను, ఆ ఆరు వచనాలు బల్ల దగ్గర ఎవరూ చదవగా నేను వినలేదు. అందులో పౌలు కొరింథీయుల్ని గట్టిగా మందలిస్తున్నాడు. ఉన్నవాళ్లు ముందొచ్చి తమ మట్టుకు తాము తినేస్తున్నారు. పొద్దంతా పనిచేసి ఆలస్యంగా వచ్చే బీదవాళ్లకి ఏమీ మిగలడం లేదు. "దేవుని సంఘమును తిరస్కరించి పేదలను సిగ్గుపరచుదురా?" అని అడుగుతాడు. అలా చేస్తే అది ప్రభువు భోజనమే కాదంటాడు.

ఆ తర్వాతే వస్తుంది మనం భయపడే మాట, అయోగ్యంగా పుచ్చుకుంటే శిక్షావిధి అన్న మాట. ఆ మాటకి భయపడి మేము ఎన్ని పరీక్షించుకునేవాళ్లమో. ఆ వారం సినిమా చూశామా, ఇంట్లో గొడవపడ్డామా, సీరియల్ కోసం ప్రార్థన మానేశామా అని. పౌలు చెప్పిన అయోగ్యత భోజనం దగ్గర మనుషుల్ని వేరు చేయడం గురించి మొదలైంది. దాన్ని మేము పైకి చదవకుండా వదిలేశాం.

మా సంఘంలో అప్పట్లో ఒకటే గిన్నె. వరసలో చేతి నుంచి చేతికి వెళ్లేది. ఆవిడ సాధారణంగా నా పక్కనో, నా ముందో కూర్చునేది. ఆవిడ తాగి, తెల్లగుడ్డతో అంచు తుడిచి నా చేతికిచ్చేది, నేను తాగేదాన్ని. ఎన్ని ఆదివారాలు! ఆ రాత్రి పుస్తకం మూసి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, బాల్కనీ లైటు వెలుగులో గట్టు మీద ఆ గ్లాసు కనిపించింది. నా పేరు కొట్టించి ఉన్న గ్లాసు.

అక్కడి నుంచి సువార్తలు మళ్లీ మొదటి నుంచి చదివాను, ఈసారి భోజనాల కోసం వెతుకుతూ. పరిసయ్యుల గొడవలు ఎక్కువగా తిండి దగ్గరే మొదలవుతాయి. "ఇతడు పాపులను చేర్చుకొని వారితో కూడ భోజనము చేయుచున్నాడు" అన్న సణుగుడుకి జవాబుగానే లూకా 15లోని కథలన్నీ చెప్పాడు. తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు బయట నిలబడిపోయింది విందు గుమ్మం దగ్గర. అతను కూడా పరిసయ్యుడిలాగే లెక్కలు అప్పజెప్పాడు, ఇన్నేళ్లు సేవించాను, ఏనాడూ ఆజ్ఞ మీరలేదు అని. సీమోను అనే పరిసయ్యుడు యేసుని భోజనానికి పిలిచి కాళ్లకి నీళ్లివ్వలేదు, కన్నీళ్లతో ఆ కాళ్లు తడిపిన ఆడమనిషిని మాత్రం కళ్లతోనే కొలిచాడు. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది పౌలు గలతీయులకి రాసిన పత్రిక 2వ అధ్యాయం. అంతియొకయలో యేసు శిష్యుడు పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తింటున్నాడు. యెరూషలేము నుంచి కొందరొచ్చేసరికి భయపడి పక్కకి తప్పుకున్నాడు. మిగతా యూదులూ అతనితో కలిసి "మాయవేషము వేసికొనిరి", బర్నబా కూడా ఆ "వేషధారణము"లో కొట్టుకుపోయాడు అని పౌలు రాశాడు. పేతురు అబద్ధం చెప్పలేదు, దొంగతనం చెయ్యలేదు. కంచం తీసుకుని పక్కకి జరిగాడు, అంతే. దానికి పౌలు పెట్టిన పేరు వేషధారణ.

అప్పటి నుంచి నాకు నమ్మకం కుదిరింది. మన భక్తి నిజమో కాదో గుడిలో తేలదు, మనం తినే చోట తేలుతుంది. ఎవరు ఏ కంచంలో, ఎవరి తర్వాత, ఎక్కడ కూర్చుని తింటున్నారు అనే దగ్గర.

గ్లాసు చిన్న విషయమని అన్నవాళ్లున్నారు. శుభ్రత కోసం పెట్టుకుంటాం, కులం ఏముంది ఇందులో అని మా దగ్గరి బంధువే అంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మా ఇంటికి ప్రార్థనకొచ్చే అయ్యగార్లు, మావారి స్నేహితులు, ఫ్యాను బాగు చేయడానికొచ్చే అబ్బాయి అందరూ లోపలి గ్లాసుల్లోనే తాగారు. శుభ్రత ఆవిడ ఒక్కదాని దగ్గరే ఎందుకు గుర్తొచ్చింది? పైగా ఆ లోపలి గ్లాసుల్ని రోజూ తోమి శుభ్రం చేసేదీ ఆవిడే. ఆ చేతులు తోమిన గ్లాసు శుభ్రం, ఆ నోరు తగిలిన గ్లాసు కాదు. టీ కొట్టుల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి చదివినప్పుడు మనం ఎంత కోప్పడతామో! పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు "క్రిస్టియన్" అని రాసి పక్కనే కులం రాయించే ఇళ్లలో, కులం గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడాల్సిన అవసరం లేనంతగా ఇంకిపోయింది.

ఇక్కడ మా నాన్నమ్మ గురించి చెప్పాలి. వాళ్లది ఒంగోలు ప్రాంతం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో, పెద్ద కరువు వెన్నంటే జరిగింది. వాళ్లలో చాలామంది ఊరి బావి దగ్గరికి రానివ్వని కుటుంబాలవాళ్లు. మా పూర్వీకులు ఆ రోజు ఆ నీళ్లలో ఉన్నారో లేదో గాని, ఆ జనంలోనివాళ్లే. తాతయ్యకి విశాఖ పోర్టులో కలాసీ పని దొరికి ఇక్కడికొచ్చారు. చిన్నప్పుడు ఊళ్లో మంచినీళ్లడిగితే ఎత్తి పోసేవాళ్లని, దోసిలి పట్టి తాగేవాళ్లమని, మోచేతుల మీదుగా కారిన నీళ్లకి పైట తడిసిపోయేదని నాన్నమ్మ చెప్పేది. నేను ఆవిడ ఒళ్లో కూర్చుని విన్నాను. ఆ మనిషి మనవరాలిని నేను. మూడు తరాలకి ఒక ఉద్యోగం, ఒక ఫ్లాట్, ఒక గట్టు వచ్చేసరికి ఎత్తి పోసే వైపుకి వచ్చి నిలబడ్డాను. పైగా దానికి ప్రార్థనాపూర్వకంగా నిలబడ్డాను.

ఊరి మొత్తానికి కూడా మాకొక గర్వం ఉంది, అదీ చెప్పాలి. విశాఖ క్రైస్తవులం పాత సంగతులు బాగా చెప్పుకుంటాం. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ 1805లో ఇక్కడికొచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి తోడుతో సువార్తల్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. చేసినవాళ్లిద్దరూ ఆ పుస్తకం చూసుకోలేదు. మేమేమో "తెలుగు సువార్తకి పుట్టిల్లు మన ఊరే" అని ప్రతి వార్షికోత్సవంలోనూ చప్పట్లు కొట్టించుకుంటాం. ఆ పుస్తకంలో మత్తయి 23 ఉంది. ఊరు గొప్పదని చెప్పుకునే మనుషుల గురించే ఆ అధ్యాయం రాసినట్టుంటుంది: "పుదీనలోను సోపులోను జీలకఱ్ఱలోను" పదోవంతు లెక్కగా ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేసినవాళ్లని. ఆ కిందే గిన్నె మాట కూడా ఉంది. గిన్నెనీ పళ్లేన్నీ బయట శుద్ధి చేస్తారు, లోపల మాత్రం దోపుతో నిండి ఉంది అని.

దోపు, అంటే దోపిడీ, అన్న మాట నాకు వర్తించదనుకున్నాను. దానికి తర్వాత వస్తాను.

ఆ రాత్రి తెల్లారాక నేను గట్టు మీది గ్లాసు తీసి లోపల స్టాండులో మిగతా ఐదింటితో పెట్టాను. ఆవిడ వచ్చింది. చెయ్యి అలవాటుగా గట్టు మీదికెళ్లింది. గ్లాసు లేదు. కంగారుపడింది, "పోయిందేటమ్మగారూ, నేను తియ్యలేదు" అంది. ముందు దొంగతనం మోపుతానేమోనన్న భయం! లోపలి నుంచి ఒక గ్లాసు తీసి టీ పోసిచ్చాను. ఏమీ చెప్పలేకపోయాను. ఆవిడా ఏమీ అడగలేదు. తాగి, కడిగి, ఎక్కడ పెట్టాలో తెలియక సింకు పక్కన పెట్టి వెళ్లింది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. రెండు వారాలకే నేను ఈ సంగతి కూటంలో సాక్ష్యంగా చెప్పాను. గొంతు వణికింది, కన్నీళ్లొచ్చాయి, నిజమైన కన్నీళ్లే. అందరూ మెచ్చుకున్నారు. "సిస్టర్ ఎంత తగ్గించుకున్నారో" అన్నారు. అప్పుడు చూశాను, ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. అప్పటిదాకా ఆ గ్లాసు సంగతి మా ఇద్దరి మధ్యే ఉంది. నేను దాన్ని నలభై మంది ముందు పెట్టాను. ఆవిడ వేరే గ్లాసులో తాగిన మనిషని ఇప్పుడు సంఘమంతటికీ తెలుసు. సిగ్గు ఆవిడకి, మెప్పు నాకు. గర్వం నా దగ్గర్నుంచి పోయిందనుకున్నాను, బట్టలు మార్చుకుని నాకంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చుంది.

మత్తయి 6లో మనుషులు చూడాలని ధర్మం చేసేవాళ్ల గురించి "తమ ఫలము పొందియున్నారు" అని ఉంటుంది. ఆ గ్రీకు మాటని ఆ కాలపు వ్యాపారులు రసీదుల మీద రాసేవారట, సొమ్ము పూర్తిగా ముట్టింది అన్న అర్థంలో. నేను ముప్పై ఏళ్లు అకౌంట్లు చూసిన మనిషిని, నాకు ఆ మాట బాగా ఎక్కింది. ఆ రోజు కూటంలో నాకు రావాల్సింది నాకు ముట్టింది. లెక్క అక్కడికి సరి.

మన మాటల్లో తగ్గింపు కూడా ఎంత బాగా అలవాటైపోయిందో గమనించండి. "యోగ్యత లేని నన్ను", "ధూళిలాంటి నన్ను" అంటూ మొదలుపెట్టి పావుగంట మన గురించే చెప్పుకుంటాం. "అందరం పాపులమే కదా" అనేది ఇంకా తేలికైన దారి. అందరం అన్నప్పుడు నేను ఎవరికి ఏం చేశానో చెప్పక్కర్లేదు. పేరుండదు, తేదీ ఉండదు, అంకె ఉండదు. తప్పు చేసిన దావీదు రాజు దగ్గరికి ప్రవక్త నాతాను వచ్చి అందరూ పాపులేనని చెప్పలేదు, "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఆ వేలు అలా చూపించేవాళ్లు మనకి ఉండాలి. మనమంతా మన కిందివాళ్లకి మనల్ని మందలించే వీలు లేకుండా బతుకుతున్నాం. ఆవిడ నన్ను పదమూడేళ్లలో మందలించినది ఆ ఒక్కసారే, నేను కూడా ప్రార్థన చేశానని. దానికీ నేను వాక్యంతో నోరు మూయించాను.

అందుకే ఆ సాక్ష్యం జరిగిన వారం, మొదటిసారి ఆవిడని కూర్చోబెట్టి అడిగాను. నేను నీకు చేసిన అన్యాయం ఇంకేమైనా ఉందా అని. చాలాసేపు ఏమీ లేదంది. నేను ఊరుకోలేదు. చివరికి అంది, "తుఫానప్పుడు మూడొందలు కోసినారు కదమ్మగారూ. రేకులకి తక్కువయింది."

నాకు గుర్తు లేదు. పాత డైరీ తీసి చూస్తే ఉంది, నా చేతిరాతతోనే. అక్టోబర్ 2014, జీతం 1,500, ఆరు రోజులు రాలేదు, తగ్గింపు 300. అదే పేజీలో దాని పైన ఇంకో పద్దు: హుద్‌హుద్ సహాయానికి సంఘానికి 5,000. ఆ ఐదు వేలు మైకులో నా పేరుతో చదివారు. ఎగిరిపోయిన రేకుల కోసం ఇచ్చిన డబ్బు, ఎగిరిపోయిన రేకుల కింద ఉన్న మనిషి దగ్గర కోసిన డబ్బు ఒకే పేజీలో, ఒకే పెన్నుతో. పుదీన, సోపు, జీలకఱ్ఱ. దోపు.

పరిసయ్యుడు, సుంకరి ఉన్న ఉపమానం లూకా 18లో. పేజీ తిప్పితే 19లో నిజమైన సుంకరి, జక్కయ్య. అతను రొమ్ము కొట్టుకున్నట్టు రాయలేదు. లేచి నిలబడి అంకెలు చెప్పాడు, ఆస్తిలో సగం, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అని యేసు అన్నది ఆ అంకెల తర్వాతే. అది కూడా అతిథిగా వెళ్లిన ఇంట్లోనే. పశ్చాత్తాపానికి ఒక పద్దు ఉంటుందని నాకు జక్కయ్య దగ్గరే అర్థమైంది. మూడు వందలకి నాలుగంతలు పన్నెండు వందలు. అది ఆవిడ చేతిలో పెట్టినప్పుడు ఎక్కువేమో చూసుకోమంది. ఎందుకో చెప్పాను. ఇది కూటంలో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు రాస్తున్నావు కదా అని అడగొచ్చు. ఆవిడని అడిగే రాస్తున్నాను. "రాయండమ్మగారూ, నా పేరు మాత్రం వద్దు" అంది. నా పేరు కూడా లేకుండా పెడుతున్నాను. దీనికి వచ్చే మెప్పు తీసుకోవడానికి ఇక్కడ ఎవరూ ఉండకూడదని.

ఉపవాసం, దశమభాగం, తెల్లవారి ప్రార్థన ఇప్పటికీ మానలేదు. వాటిని విడవకుండానే వీటిని చెయ్యాలని ఆ మత్తయి 23లోనే ఉంది. వేషధారులతో నిండిపోయిందని చెప్పి సంఘం మానేసిన మంచివాళ్లు నాకు తెలుసు, వాళ్ల బాధ అర్థమవుతుంది. నేను మానను, ఎందుకంటే నా కళ్లు తెరిపించిన ఆరు వచనాలు నాకు దొరికింది ఆ సంఘం అప్పజెప్పిన పాఠంలోనే. కరోనా తర్వాత మా బల్ల దగ్గర గిన్నె పోయి చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి. రోగాల భయం, కాదనలేను. కానీ ఆవిడ తుడిచిచ్చే ఆ గిన్నె కోసం నా చెయ్యి ఇప్పటికీ చూస్తుంది.

కొరింథీయులకి పౌలు చివర చెప్పిన మందు చాలా మామూలుది: భోజనానికి కూడి వచ్చినప్పుడు "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" అని. ఆవిడ ఏడున్నరకి వస్తుంది. అప్పటిదాకా నేను టీ తాగను. ఆకలికి కాదు గాని ఆ టీ కోసం ప్రాణం లాగుతుంది, ఆగుతాను. వచ్చాక ఇద్దరికీ పోస్తాను. మొదట్లో కుర్చీ చూపిస్తే కూర్చునేది కాదు, ఇప్పుడు అంచున కూర్చుంటుంది.

సంఘంలో ఆదివారం నేను ఆవిడని "సిస్టర్, మీరు" అంటాను, సోమవారం ఇంట్లో "నువ్వు". ఇది కూడా పోవాలని ఒకరోజు ఇంట్లోనే "మీరు తాగండి" అన్నాను. ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. ముఖం పాలిపోయింది. "ఏమైందమ్మగారూ, పని మానేయమంటారా?" అంది.

కాదని చెప్పాను. అలవాటు చేసుకుందామన్నాను, ఇద్దరం. ఆరేళ్లయింది. ఆవిడ ఇప్పటికీ "అమ్మగారూ" అనే అంటుంది. నేను రెండు మూడు మాటలకొకసారి తప్పి "నువ్వు" అంటాను, మళ్లీ సరిచేసుకుంటాను. టీ చల్లారకముందే తాగేసి లేస్తుంది, ఎనిమిదింటికి ఇంకో ఇంట్లో పని ఉంది. అక్కడి గట్టు మీద ఇంకో గ్లాసు ఉంది.